పందొమ్మిదో నంబరు పెట్టె

శవాన్ని కడిగిన బండ మీదనే మేకను కొడుతున్నారు.

చావు ఇంట్లో ఆ రోజు మూడో రోజు, పిట్టకు పెట్టే రోజు. పోయినవాడికి ఇష్టమైనవన్నీ వండి, ఊరి బయట విస్తరేసి, కాకి ముట్టుకునేదాకా నిలబడాలి. గట్టయ్య వాకిట్లో అందుకే మాంసం తెగుతోంది, కల్లు కుండలు దిగుతున్నాయి. మనుషుల కంటే ముందే ఈగలు పంక్తికి కూర్చున్నాయి. బండ పగుళ్లలో ఉన్న నల్లటి మరక మేకదో మనిషిదో చెప్పడం కష్టం.

నర్సింగం తువ్వాలతో ముక్కు మూసుకుని వాకిట్లోకి వచ్చాడు. పన్నెండేళ్లు బొగ్గు గనుల కంపెనీ సెక్యూరిటీలో జమేదారు. ఆరేళ్లుగా గోదావరిఖని చౌరస్తాలో జిరాక్సు దుకాణం మీది గదిలో ప్రైవేటు డిటెక్టివు. గనిలో నుజ్జయిన శవాలను బస్తాలకెత్తించిన మనిషి. శవాలను చూసి అతనికి ఎప్పుడూ రోత పుట్టలేదు. శవం చుట్టూ చేరే ప్రాణమున్న జనాన్ని చూస్తేనే పుడుతుంది.

గడియారం చూసుకున్నాడు. పన్నెండు నలభై.

నాలుగింటికి బిక్షాన్ని కోర్టులో పెడతారు. గట్టయ్యను చంపి అతని పెట్టె ఎత్తుకుపోయాడని ఖూనీ కేసు. బిక్షం చచ్చిన గట్టయ్యకు ముప్పై ఏళ్ల దోస్తు, ఒకే గనిలో ఒకే జట్టులో పని చేసినవాడు. మూడు రోజులుగా ఠాణాలో అతనికి మర్యాదలు జరుగుతున్నాయి. నిన్న అతని భార్య ఐలవ్వ జిరాక్సు దుకాణం మెట్లెక్కి వచ్చి, "మా ఆయన పాదాలు బొబ్బలెక్కినయి తమ్మీ, చెప్పులల్ల పడ్తలెవ్వు" అని ఒక్క ముక్క చెప్పింది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే నర్సింగం కేసు పట్టుకునేవాడు కాదేమో.

పొయ్యి దగ్గర వెల్లుల్లి ఒలుస్తున్న ముసలమ్మ ముందు గొంతుకూర్చున్నాడు. పక్కింటి పోశవ్వ.

"అవ్వా, మంగళారం నువ్వే మొదలు లోపలికి పోయినవట?"

"నేను గాదు బిడ్డా, బిక్షం. నాలుగైతుండె. ఆయన ఒర్రి పిలుసుడు ఇనవడితె ఉరికిన. గట్టయ్య నెత్తి బిక్షం ఒళ్లె ఉన్నది. నేను నీళ్లు తాగిపిద్దునా అనేసరికే పానం పోయింది."

"నెత్తురు నువ్వే తుడిచినవా?"

"తుడిచిన. కొంగుకు అంటనే లేదు. అట్టగట్టింది. గోరుతోని గీకితె పెచ్చులు పెచ్చులు ఊడింది."

నాలుగింటికి బిక్షం కొట్టి ఉంటే నాలుగింటికి నెత్తురు కారుతూ ఉండాలి, పెచ్చులూడకూడదు. దెబ్బ తగిలింది అంతకు గంట ముందో, గంటన్నర ముందో. ఆ వేళకు బిక్షం మొదటి షిఫ్టులో, భూమికి ఆరువందల అడుగుల కింద ఉన్నాడు. మూడింటికి పైకొచ్చి టోపీ దీపం అప్పజెప్పాడు.

"మధ్యానం రెండుంబావుకు సైరన్ కొడ్తది గదా. అందరు గల్లీలకు అస్తరు గదా?"

"రాకపోతె ఎట్ల? రెండున్నరకు ఓపెన్‌కాస్టు గనిల బండ పేలుస్తరు. ఇంటి పెంకలు మీదవడ్తయి."

"మంగళారం గట్టయ్య అచ్చిండా?"

"గాయినెన్నడచ్చిండు? పెట్టెను కావలి గాసుకుంట ఇంట్లనే ఉంటడు."

"కోడలు మమత?"

పోశవ్వ వేళ్ల మధ్య వెల్లుల్లి రెబ్బ ఆగిపోయింది. చెరువు గట్టు మీద కొంగ నిలబడ్డట్టు ఒక్క క్షణం నిలబడింది ఆమె చూపు.

"ఎవలచ్చిండ్రో ఎవలు రాలేదో నేనేమన్న హాజరు ఏసిన్నా బిడ్డా? జెర పక్కకు జరుగు, పొగ తల్గుతంది."

పొగ అటువైపు పోతోంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

మమత వసారాలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ముప్పై ఏళ్లుంటాయి. రామగిరి వైపు నుంచి వచ్చిన కోడలు. గనుల పక్క పుట్టి గనుల పక్కకే మెట్టిన పిల్ల. కళ్లు ఎర్రగా ఉన్నాయి కానీ తడి లేదు.

"మంగళారం ఎక్కడున్నవమ్మా?"

"కమాన్‌పూర్ల, దర్జీ కాడ. ఒంటిగంటకు పోయిన. నాలుగు దాటినంక అచ్చిన."

"ఏం కుట్టిచ్చుకున్నవ్?"

"జాకెట్లు."

"సూపియ్యి."

"ఇంక కాలే అన్నడు."

"మూడు గంటలు కూసుండవెట్టి కాలే అన్నడా? మంచి దర్జీ. నీ పెనిమిటి జగదీశ్వర్ ఏడి? మూడొద్దుల నాడు కొడుకు ఇంట్ల ఉండద్దా?"

మమత నేల గీకింది. "కంపెనీ ఆఫీసుకు పోయిండు. కాగితాలియ్య."

"ఏం కాగితాలు?"

"కొలువు కాగితాలు."

సర్వీసులో ఉండగా మనిషి పోతే ఇంట్లో ఒకరికి కొలువు దొరుకుతుంది. రిటైరై ఇంటికొచ్చి పోతే శాలువా, గోడ గడియారం. గట్టయ్య భుజం పదేళ్ల కింద కప్పు కూలి విరిగింది. అప్పటినుంచి దీపాల గదిలో రాత్రి షిఫ్టు, తేలిక పని. కుడిచేయి ఛాతీ దాటి లేవదు. ఈ నెలాఖరుకు రిటైరు. చచ్చిననాటికి పదకొండు రోజుల సర్వీసు మిగిలి ఉంది. తండ్రికి పెట్టాల్సిన అన్నం ఇంకా ఉడకలేదు, కొడుకు మాత్రం దరఖాస్తు పట్టుకుని బల్లల చుట్టూ తిరుగుతున్నాడు.

'థూ' అని ఉమ్మబోయి, ఎక్కడ ఉమ్మాలో తోచక లోపలికి నడిచాడు.

*

లోపలి గదిలో ఉమ్మడానికి ఏ మొహమాటమూ లేనివాడు ఒకడున్నాడు. సీఐ వీరేందర్. గట్టయ్య నీళ్లు తాగిన స్టీలు గ్లాసు చేతిలో పట్టుకుని, గుట్కా రసం అందులోకి వదులుతున్నాడు.

"రావోయ్ జమేదారు! వాసన పట్టి అచ్చినవా? ఇంక కూర ఉడకలే."

"ఉడికినంక మీరుంటరు గదా సారూ. నాకెక్కడ మిగుల్తది?"

ఇద్దరిదీ పాత పగ. వీరేందర్ ఎస్సైగా ఉన్నప్పుడు, నర్సింగం నెలరోజులు తుమ్మ పొదల్లో పడుకుని రాగి తీగల దొంగలను పట్టించాడు. పేపర్లో ఫొటో వీరేందర్‌ది పడింది. నర్సింగానికి దక్కింది మలేరియా.

గది మధ్యలో నవారు మంచం. మంచం పక్కన కుర్చీలో తెల్లటి చొక్కా, కళ్లజోడు, ఒళ్లో పుస్తకాల సంచితో పెద్దాయన. సుబ్రహ్మణ్యం. గుంటూరు వైపు నుంచి ముప్పై ఐదేళ్ల కింద వచ్చి, ఇంజనీరుగా రిటైరై, కాలనీలోనే ఉండిపోయాడు. పోయిన పెట్టె ఎలా ఉంటుందో ఆయన చెబుతుంటే కానిస్టేబులు రాసుకుంటున్నాడు.

"రేకు పెట్టెండీ. మూత మీద పొలుసులు చెక్కి ఉంటాయి. లోపల తొమ్మిది డీవీడీలు, ఒక పుస్తకం, జానెడు పింగాణీ బొమ్మ. సముద్రంలోంచి లేచి ఊళ్లు తొక్కే రాక్షసి బల్లి సినిమాలండీ, జపాను వాళ్లవి. సేకరించుకునే వాళ్ల కోసం మూడు వందల పెట్టెలే చేశారు. ప్రతిదాని అడుగునా నంబరు కొట్టారు. గట్టయ్యది పందొమ్మిది."

"జపానోడు ఈ బొగ్గు ముసలోనికెందుకు పంపిండు?" అన్నాడు వీరేందర్.

"ఎందుకంటే వాళ్ల దగ్గర లేనిది ఇతని దగ్గర ఉంది కనుక. కుర్రతనంలో కాలనీ గ్రౌండులో తెర కట్టి వేశారట ఆ సినిమా. అదో పిచ్చి పట్టుకుంది. టూరింగు టాకీసు మూసేసి సామాను తూకానికి అమ్ముతుంటే ఒక రీలు కొనుక్కున్నాడు. అందులో పదకొండు నిమిషాల ముక్క జపానులోనే లేదండీ, పాడైపోయింది. ఉత్తరాలు నేను రాశాను. రీలు పంపాం. ఈ పెట్టెలో ఆ పదకొండు నిమిషాలూ కలిపారు. పుస్తకంలో గట్టయ్య ఫొటో వేశారు, హెల్మెట్‌తో." పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "చివరి డిస్కులో ఒక ముసలాయన మాట్లాడతాడు. ఆ రాక్షసి తోలు లోపల దూరి ఆడినవాడు. లోపల చీకటి, ఉక్క, గాలికి ఒక్కటే బొక్క. భాష తెలీకపోయినా గట్టయ్య అదొక్కటే రోజూ చూసేవాడండీ. 'ఈయన మన గనోడే సారూ' అనేవాడు."

"రేటెంత పల్కుతది?"

"దానికి రేటు కట్టకండి, దయచేసి."

"కట్టకపోతె కేసెట్ల నిలవడ్తది?" వీరేందర్ గ్లాసులోకి మళ్లీ వదిలాడు. "ఇనుకో జమేదారు. సోమారం రాత్రి బిక్షం 'పెట్టె ఒక్కపూట ఇయ్యి, మనుమండ్లకు సూపిస్త' అన్నడు. గట్టయ్య ఇయ్యనన్నడు. తల్లీ అక్కా అని తిట్టుకున్నరు, గల్లంత ఇన్నది. మంగళారం నాలుగింటికి బిక్షం అచ్చిండు. ముసలోడు సచ్చిండు, పెట్టె మాయమైంది. ఇగ ఇండ్ల తెలివి పెట్టేదేమున్నది?"

"పెట్టె బిక్షం కాడ దొరికిందా?"

"దొరుకుతది. మా తీర్ల అడిగితె రాయి గూడ మాట్లాడ్తది."

నర్సింగం గదిని చూస్తున్నాడు.

గోడకు ఎత్తుగా చెక్క అర. పెట్టె ఉండే చోట నలుచదరంగా దుమ్ములేని మచ్చ. దాని కింద మూడుకాళ్ల స్టూలు. స్టూలుకు మూరెడు దూరంలో రాతి గడప, గడప అంచున కడిగినా పోని నలుపు. అక్కడికి చీమల బారు. చీమలను చూసి నర్సింగం కళ్లు తిప్పుకున్నాడు.

మంచం మీద బొంత పరిచి ఉంది. నాలుగు మడతలేసి, మెత్తగా, అంచులు సరిచేసి. దాని మీద ఏమీ లేదు.

"ఈ బొంతను ఎవలన్న ముట్టిండ్రా?"

"నేనచ్చినప్పుడు గట్లనే ఉన్నది. ముసలోడు పండినట్టున్నడు."

"నాలుగు మడతలేసి మూరెడు చేస్తె దాని మీద మనిషి పండుతడా సారూ? పిల్లి పండుతది."

సుబ్రహ్మణ్యం గొంతు సవరించుకున్నాడు. "అది పెట్టె కోసమండీ. పేల్చినప్పుడు ఇల్లంతా అదురుతుంది కదా. సైరన్ వినగానే బొంత మడతేసి, స్టూలెక్కి, ఎడమ చేత్తో పెట్టె దించి దాని మీద పెట్టేవాడు. పేలుడయ్యాక మళ్లీ పైన."

నర్సింగం తల ఊపాడు. బొంత పరిచాడు, పెట్టె దాని మీదికి చేరలేదు. అంటే మంగళవారం రెండుంబావుకు సైరన్ విన్నాడు. రెండున్నర లోపే పడ్డాడు. నెత్తురు పెచ్చులు కట్టడానికి లెక్క సరిపోయింది.

కానీ పెట్టె బొంత మీదా లేదు, అర మీదా లేదు, నేల మీదా లేదు.

తలుపు పక్కన మేకుకు చిన్న అద్దం వేలాడుతోంది. ఆడవాళ్ల బొట్టు మరకలు. నర్సింగం దగ్గరికి పోయి చూశాడు. చట్రం కింది మూలల్లో తెల్లటి పొడి ఇరుక్కుని ఉంది. పౌడరేమో అనుకుని చిటికెన వేలితో తీసి వాసన చూశాడు. పౌడరు కాదు. తవుడు వాసన.

అతను పక్కనున్న వంటింట్లోకి తొంగి చూశాడు. చావు జరిగినప్పటినుంచి ఆ ఇంట్లో పొయ్యి ముట్టించలేదు. రెండు రోజులు చుట్టాలే వండి తెచ్చారు. వాకిట్లో ఉడికే అన్నానికి కూడా బియ్యం పాలివాళ్ల సంచుల్లోంచే వచ్చాయి. వంటింట్లో గిన్నెలు బోర్లించినవి బోర్లించినట్టే ఉన్నాయి, బియ్యం డ్రమ్ము మూత పెట్టినది పెట్టినట్టే ఉంది.

నర్సింగం వెనక్కి వచ్చి గడియారం చూసుకున్నాడు. రెండుకు ఆరు నిమిషాలు. వస్తువు దొరకడం వేరు, దాన్ని పెట్టిన చేయి దొరకడం వేరు. అతనికి చేయి కావాలి.

"సారూ, రెండుంబావు దాకా ఈన్నే ఉండుండ్రి. మీ కేసు మీకు విప్పి సూపిస్త."

"కోర్టున్నది నాకు."

"నాలుగింటికి గదా. కూర ఉడికేటాలకు అయిపోతది. ఉత్తగపోతె రేపట్నించి నేను జిరాక్సులు తీసుకుంట బతుకుత, మీ జోలికి రాను."

వీరేందర్ పళ్లన్నీ కనబడేలా నవ్వాడు. ఆ ఎర్రటి నోరు చూస్తే వాకిట్లో తెగిన మేక మెడే నయమనిపించింది. "ఇదేదో మంచి బేరమే ఉన్నది" అని గోడకు జారగిలబడ్డాడు.

నర్సింగం పోశవ్వను, మమతను లోపలికి పిలిచి ఏవేవో అడ్డదిడ్డం ప్రశ్నలు వేస్తూ కూర్చున్నాడు. గట్టయ్య ఏ కూర ఇష్టంగా తినేవాడు, నిద్రలో గురక పెట్టేవాడా, అలాంటివి. వీరేందర్ రెండుసార్లు ఆవులించాడు.

రెండుంబావుకు ఓపెన్‌కాస్టు సైరన్ మోగింది.

ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు. పోశవ్వ లేచి గోడ మీది దేవుని పటాలు రెండూ దించి చంకలో పెట్టుకుంది, అది తన ఇల్లు కాదని కూడా గుర్తులేనట్టు. వాకిట్లో గిన్నెలు కింద పెడుతున్న చప్పుడు. మమత కూర్చున్నచోటి నుంచి లేచింది. చేతి గాజులు వడివడిగా తీసి కొంగులో వేసుకుంది. మేకు నుంచి అద్దం దించింది. వంటింటి వైపు మూడడుగులు వేసింది.

నాలుగో అడుగు పడలేదు.

ఆమె అక్కడే, ఎవరో జుట్టు పట్టుకుని ఆపినట్టు ఆగింది. తర్వాత వెనక్కి తిరిగి, అద్దాన్ని తెచ్చి మంచం మీది బొంతపై పెట్టింది. గాజులు కూడా.

"రోజు గాన్నే పెడ్తవా బిడ్డా?" అన్నాడు నర్సింగం మెల్లగా.

మమత ఒక గాజును బొంత మధ్యకు నెట్టింది.

పోశవ్వకు నోరు జారింది. "ఏ, వాళ్ల తల్లిగారి దిక్కు బియ్యంల పెడ్తరు. అద్దమైనా గాజులైనా బియ్యంల కుక్కితె కదలయి. గీమె గూడ గట్లనే..." అని, అనకూడనిది అన్నానని తెలిసి కొంగు నోట్లో కుక్కుకుంది.

నర్సింగం వంటింట్లోకి నడిచాడు. మూలన రేకు డ్రమ్ము. మూత తీసి, తువ్వాల చేతికి చుట్టుకుని మోచేతి దాకా బియ్యంలో దించాడు. చల్లగా తగిలింది. అంచులు మాత్రమే పట్టుకుని పైకి తీశాడు. పొలుసుల మూత. అడుగున పందొమ్మిది.

"చేతులు పెట్టకుండ్రి ఎవలు" అంటూ పెట్టెను బొంత మీద దింపాడు. "సారూ, రేకు మీద వేలిముద్రలు మంచిగ నిలవడ్తయి. బిక్షం ముద్రలుండయి. ఎవలియి ఉంటయో మీరే సూసుకోండ్రి."

"బిక్షమే దాసి ఉంటడు. తర్వాత తీస్కపోదామని."

"దొంగతనం చేసినోడు దొంగసొమ్మును ఆ ఇంట్లనే దాసి, లొల్లి చేసి పదిమందిని పిలుస్తడా? ఇంకో మాట. గట్టయ్య పానముండంగ ఈ పెట్టెను బియ్యంల పెట్టనిస్తడా?"

"చచ్చినా పెట్టనివ్వడు" అన్నాడు సుబ్రహ్మణ్యం పెట్టె మీదనుంచి చూపు తిప్పకుండా. "నలుసు చాలండీ డిస్కు గీసుకుపోవడానికి."

"అంటే మంగళారం పేలేటాలకే గట్టయ్య పడి ఉన్నడు. మమత ఇంట్లనే ఉన్నది. చెప్పమ్మా. ఎవలు కొట్టిండ్రు?"

"ఎవలు కొట్టలే." మమత గోడ పట్టుకుని కూలబడింది. "స్టూలు ఒరిగింది. నేను వంటింట్ల ఉన్న. సప్పుడైతె అచ్చి సూసిన. నెత్తి కడపకు తల్గింది. కండ్లు తెరిచే ఉన్నడు. నా దిక్కు సూస్తలేడు. పై అర దిక్కు సూస్తండు. ఇంక పావుగంటల పేల్తది, పెట్టె కిందవడ్తదని ఆయన గోస. నేనే స్టూలు నిలవెట్టి ఎక్కి తీసిన. అద్దం తోని దాన్ని గూడ బియ్యంల పెట్టిన. గప్పుడు కండ్లు మూసుకున్నడు మామ."

గదిలో ఈగల చప్పుడు.

"నూటెనిమిదికి చేసినవా?"

"మా ఆయనకు చేసిన."

"ఏమన్నడు?"

"పదకొండు రోజులే ఉన్నయి అన్నడు. నువ్వేం చెయ్యకు, తలుపు దగ్గరికేసి గల్లీలకు పోయి అందరి తోని నిలవడు అన్నడు." ఆమె గొంతు సన్నబడింది. "పేలినంక అచ్చి అద్దం తీసి పెట్టిన. పెట్టె పైన పెడ్దామంటె ఆయనను దాటి పోవాలె. ఒక్కపారి దాటిన, మామను మల్ల ఎట్ల దాటుత? గందుకే గాన్నే ఇడిసిన. వంటింట్ల కూసున్న. ఊపిరి ఇనవడుతనే ఉండె. బిక్షం మామ పిలిస్తె ఎనుక తలుపు నుంచి పోయిన."

పింగాణీ బొమ్మ పగలకుండా చూసుకుంది. గంటన్నర మనిషి ఊపిరి వింటూ కూర్చుంది. నర్సింగం పోశవ్వ వైపు తిరిగాడు.

"గల్లీల ముప్పై మంది నిలవడి ఉంటరు ఆ పొద్దు. ఈమె ఉన్నదని అందరు సూసిండ్రు. మూడు రోజులు బిక్షాన్ని కొడ్తాంటె ఒక్కలకు నోరు రాలేదా అవ్వా?"

"కొలువొచ్చే ఇంటికి అడ్డం పోతరా బిడ్డా?" అంది పోశవ్వ. కోపం లేదు, సిగ్గు లేదు. ఆడపిల్లకు వంట నేర్పుతున్నంత మామూలుగా అంది. "ఇయ్యాల గీ ఇల్లు. రేపు మా ఇల్లు."

వీరేందర్ గ్లాసు కింద పెట్టాడు. మొదటిసారి అతని ముఖంలో నవ్వు లేదు. "పోలీసు ముందట ఒప్పుకున్నది కోర్టుల చెల్లది జమేదారు. గది నీకు తెల్వదా?"

"పెట్టె చెల్లుతది. ఆమె ముద్రలు చెల్లుతయి. ఠాణాకు ఫోన్ కొట్టుండ్రి. బిక్షాన్ని ఇడువుమనుండ్రి."

సీఐ కాసేపు ఆలోచించాడు. సెల్ తీసి ఠాణాకు చేశాడు. అవతల హెడ్డు ఏదో చెబుతుంటే విన్నాడు. మెల్లగా నవ్వు తిరిగి వచ్చింది. స్పీకరు నొక్కి ఫోన్‌ను నర్సింగం ముఖం ముందు పెట్టాడు. "నీ మనిషే. మాట్లాడు."

"బిక్షమన్నా, నేను నర్సింగాన్ని. ఐలవ్వ పంపింది. పెట్టె దొరికింది. ఇగ నువ్వు ఇంటికి పోతవ్."

ఊపిరి బరువుగా వినిపించింది. "బొమ్మ పలిగిందా?"

"లేదు."

"మంచిగైంది. గా పిల్లను ఏమనకు తమ్మీ. నేను పొద్దుగాల సంతకం వెట్టిన."

"ఏం సంతకం?"

"నేనే కొట్టిన్నని. జడ్జి ముందట గూడ గదే చెప్త."

నర్సింగం చేతిలో తువ్వాల జారిపోయింది. "పిచ్చి లేసిందా నీకు? నువ్వు కొట్టలేదని నీకు తెల్వదా?"

"ఎందుకు తెల్వది? నేను పోయేసరికి గట్టిగానికి పానముండె. పెదవులు ఆడినయి. చెవి పెట్టిన. కోడలు పెట్టె దాసింది అన్నడు. పోరనికి కొలువస్తది, నువ్వు నోరు తెరువకురా అన్నడు. నేను ఒప్పుకోకపోతె కేసు కోడలు మీదికి పోతది, కొలువు పోతది. గంతే." గొంతులో తడి లేదు, అలుపు ఉంది. "ఇరవై ఏండ్లు గనిల ఒక్క కప్పు కింద పన్జేసినం. సచ్చేటోడు అడిగిండు. నీకేం తెలుస్తది."

"ఆయన కండ్ల ముందట సస్తాంటె సూసుకుంట కూసున్నరు వీళ్లు! వీళ్ల కోసం నువ్వు జైలుకు పోతవా?"

"వాళ్ల కోసం గాదు. ఇనుకో నర్సింగం. గా పిల్లను కోర్టుకు ఈడ్చినవనుకో, నేను జడ్జి ముందట ఒట్టేసి చెప్త. పెట్టె నేను దొంగిలించి నీకిచ్చిన అంట. నన్ను తప్పిద్దామని నువ్వే తీస్కపోయి బియ్యంల పెట్టినవు అంట. మా ఐలవ్వ తోని గూడ చెప్పిస్త."

ఫోన్ ఆగిపోయింది.

నర్సింగం నోరు తుడుచుకున్నాడు. రోత ఎవరి మీద పుట్టిందో మొదటిసారి అతనికే అంతు చిక్కలేదు. కోడలి మీదనా, కొడుకు మీదనా, ప్రాణం పోతూ కూడా బేరమాడిన గట్టయ్య మీదనా, ఆ బేరం మోస్తున్న బిక్షం మీదనా. సరే. మనుషులు ఏ మాటైనా మారుస్తారు. రేకు మారదు. దాని మీద మమత పది వేళ్లూ ఉన్నాయి.

మంచం వైపు తిరిగాడు.

సుబ్రహ్మణ్యం బొంత పక్కన కూర్చుని ఉన్నాడు. జేబులోంచి తీసిన తెల్లటి మెత్తని గుడ్డ ఆయన చేతిలో ఉంది. పెట్టె మూత, నాలుగు పక్కలు, అడుగు, పొలుసు పొలుసు మధ్య సందు కూడా వదలకుండా పసిపిల్లవాడి ఒళ్లు తుడిచినట్టు తుడిచి, వెలుతురుకు తిప్పి చూసుకుంటున్నాడు. రేకు అద్దంలా మెరుస్తోంది.

"తవుడండీ" అన్నాడాయన తలెత్తి, కళ్లలో నీళ్లతో. "లోపలికి పోతే డిస్కులు పాడైపోతాయి. గట్టయ్య ఉంటే ఊరుకునేవాడా?"

వీరేందర్ పగలబడి నవ్వాడు. నవ్వుతూనే గదిలో ఉన్నవాళ్లను ఒక్కొక్కరినీ చూశాడు. పోశవ్వ పటాలు చంకలో పెట్టుకుని గుమ్మం వైపు జరుగుతోంది. మమత మోకాళ్లలో తల దాచుకుంది. కానిస్టేబులు కలం మూసి జేబులో పెట్టుకున్నాడు. సీఐ చూపు చివరికి నర్సింగం కుడిచేతి మీద ఆగింది. మోచేతి దాకా తెల్లగా తవుడు.

"పెట్టె బియ్యంల ఉన్నదని మా కంటె ముందుగాల నీకెట్ల తెలిసె జమేదారు?" అన్నాడు తీరిగ్గా. కానిస్టేబులు వైపు తిరిగాడు. "ఆ చెయ్యి కడగనియ్యకు. గట్లనే జీపెక్కియ్యి. నాలుగింటికి ఇద్దరినొక్కపారే కోర్టుల పెడ్దాం."